గార్మెంట్స్ తీసేశాక: మోర్మన్ సంఘం వదిలినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

"అక్కా, ఒక చిన్న డౌట్. ఇంకెవర్నీ అడగలేను." నాకొచ్చే మెసేజ్‌లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. మోర్మన్లు (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘంవాళ్లు) లోపల వేసుకునే 'గార్మెంట్స్' అనే బట్టల గురించి కదా, నిజమే, ఎవర్ని అడుగుతారు? అడిగేవి మాత్రం తిప్పితిప్పి అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను 2008లో హాంకాంగ్ దేవాలయానికి వెళ్లొచ్చాను. అప్పట్నుంచి 2019 దాకా గార్మెంట్స్ వేసుకున్నాను. మొదట ఐదేళ్లు హైదరాబాద్‌లో, మిగతావి సంఘం ముఖ్య కేంద్రమైన అమెరికాలోని యూటా రాష్ట్రంలో. ఇప్పుడు వేసుకోను. సంఘంలో ఉన్నవాళ్లలో నాకిష్టమైనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను వెక్కిరించడానికి ఇది రాయట్లేదు. దేవాలయం లోపలి తంతు వివరాలు కూడా ఇక్కడ ఉండవు. 2018 నుంచి సంఘం 'మోర్మన్' అనే మాట వాడొద్దని, 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము' అనే పూర్తి పేరే వాడమని అడుగుతోంది. బయటికి వచ్చినవాళ్లు మాత్రం తమను 'ఎక్స్-మోర్మన్' అనే చెప్పుకుంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడాను.

## బయటివాళ్లు అడిగేవి

అసలు గార్మెంట్స్ అంటే ఏంటి? బనీను, డ్రాయరే కదా?

చూడ్డానికి అంతే. మా రోజుల్లో పొట్టి చేతుల బనీను లాంటి పైది, మోకాలి దాకా వచ్చే కిందిది. ఎక్కువగా తెలుపే. దగ్గరగా చూస్తే నాలుగు చిన్న గుర్తులు కనిపిస్తాయి: ఛాతీకి రెండు పక్కలా రెండు, బొడ్డు దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి. దేవాలయంలో 'ఎండోమెంట్' అనే సంస్కారం పొందినవాళ్లు, అక్కడ చేసిన నిబంధనలకు (దేవుడికిచ్చిన మాటలకు) గుర్తుగా జీవితాంతం వీటిని బట్టల లోపల వేసుకుంటారు. స్నానం, ఈత, ఆటల్లాంటి వాటికి తీస్తారు. పడుకునేటప్పుడూ ఒంటి మీద ఉంటాయి.

మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చినప్పుడు "జంధ్యం లాంటిదమ్మా" అన్నాను. కొంతవరకే నిజం. జంధ్యం దారపు పోగు, చొక్కా లోపల ఉన్నట్టే తెలియదు. ఇది మెడ నుంచి మోకాలి దాకా ఉంటుంది. ఏం కొనాలన్నా, ఏం కుట్టించుకోవాలన్నా దీన్ని దృష్టిలో పెట్టుకోవాల్సిందే.

మొదట్నుంచీ ఇలాగే ఉండేవా?

లేదు. 1842లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టినప్పుడు మణికట్టు నుంచి చీలమండ దాకా ఒకే ముక్క. కాలరు, కట్టుకోడానికి తాళ్లు. 1906లో అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ దేవుడిచ్చిన ఈ నమూనాని ఏమాత్రం మార్చకూడదని గట్టిగా రాశారు. 1923 వచ్చేసరికి చేతులు మోచేతికి, కాళ్లు మోకాలికి తగ్గాయి. కాలరు పోయింది, తాళ్ల బదులు గుండీలు వచ్చాయి. 1979లో పైదీ కిందిదీ విడివిడిగా వచ్చాయి. ఈ సంగతులు తెలిశాక కొందరికి మనసు తేలికవుతుంది, కొందరికి ఒళ్లు మండుతుంది. నాకు రెండూ ఒకే సాయంత్రం జరిగాయి.

మోర్మన్లు అందరూ వేసుకుంటారా? పిల్లలు కూడా?

పిల్లలు వేసుకోరు. మిషన్‌కి (మత ప్రచార సేవకి) వెళ్లే ముందో, దేవాలయంలో పెళ్లికి ముందో ఎండోమెంట్ తీసుకుంటారు, అప్పట్నుంచే. బాప్తిస్మం పొంది ఏళ్ల తరబడి సంఘానికి వెళ్తూ దేవాలయానికి మాత్రం వెళ్లనివాళ్లు కూడా వేసుకోరు. మన దేశంలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. భారతదేశంలో మొట్టమొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. దేవాలయం మాత్రం దగ్గర్లో ఉండేది కాదు. బెంగళూరులో కడతామని 2018లో ప్రకటించారు. మా రోజుల్లో పాస్‌పోర్టు, వీసా, విమానం టికెట్టు అన్నీ సమకూరితేనే ఎండోమెంట్.

ఒంటిని నిజంగా కాపాడుతుందని నమ్ముతారా?

సంఘం ఆధ్యాత్మిక రక్షణ అంటుంది. జనం మాత్రం కథలు చెప్పుకుంటారు. బాగా పాతవాటిలో ఒకటి 1844 జూన్ 27 నాటిది. ఇల్లినాయ్‌లోని కార్తేజ్ జైలు మీద గుంపు దాడి చేసి జోసెఫ్ స్మిత్‌నీ, అన్న హైరమ్‌నీ చంపేసింది. అదే గదిలో ఉన్న విల్లర్డ్ రిచర్డ్స్‌కి చెవి మీద గీత తప్ప ఏమీ కాలేదు. మిగతావాళ్లు ఎండకి తట్టుకోలేక గార్మెంట్స్ తీసేశారని, రిచర్డ్స్ ఒక్కడే వేసుకుని ఉన్నాడని చెప్పుకుంటారు. మన కాలంలో అయితే హోటళ్ల యజమాని బిల్ మారియట్. పడవలో మంటలు అంటుకున్నప్పుడు ప్యాంటు కాలిపోయినా గార్మెంట్ ఉన్నచోట ఒళ్లు కాలలేదని 1996లో అమెరికన్ టీవీలోనే చెప్పారు.

ఇలాంటివి వింటూ పెరిగిన మనిషికి అది తీసి బీరువాలో పెట్టడం ఎంత కష్టమో అర్థం చేసుకోండి. హెల్మెట్ లేకుండా హైవే ఎక్కినట్టుంటుంది.

'మ్యాజిక్ అండర్‌వేర్' అంటే తప్పా? సరదాగానే అన్నాను.

తప్పే. సంఘం 2014లో ఈ బట్టల మీద ఒక వీడియో విడుదల చేసి, ఆ మాట సరికాదు, నొప్పించేది అని చెప్పింది. సంఘం వదిలినవాళ్లలో కొందరు తమలో తాము ఆ మాట అనుకుని నవ్వుకుంటారు. మన ఇంటి విషయాల మీద మనం జోకులు వేసుకోవడం వేరు, పక్కింటాయన వేయడం వేరు. యూటాలో ముద్దుగా 'జీస్' అంటారు. పేరు కావాలంటే గార్మెంట్స్ అనండి, చాలు.

## ఇంకా ఒంటి మీదే ఉన్నప్పుడు

నమ్మకం పోయి ఏడాదైంది. అయినా పొద్దున స్నానం చేసి మళ్లీ అవే వేసుకుంటున్నాను. నాకేమైనా పిచ్చా?

పిచ్చేమీ కాదు, నేను పధ్నాలుగు నెలలు అలాగే వేసుకున్నాను. మీటింగులకు వెళ్లడం మానేశాను, దశమభాగం మానేశాను, సంఘం వద్దనే కాఫీ కూడా ఆఫీసులో తాగాను. గార్మెంట్స్ మాత్రం తీయలేదు. ఎందుకని అడిగితే అప్పట్లో నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, కాఫీ అనేది రోజుకోసారి తీసుకునే నిర్ణయం. ఇది నిర్ణయం కూడా కాదు, చెయ్యి దానంతటదే సొరుగులోకి వెళ్తుంది. దేవుణ్ని నమ్మనివాళ్లు కూడా గుడి ముందు బండి వెళ్తుంటే గుండె మీద చెయ్యి పెట్టుకుంటారే, అలాంటిదే.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మీటింగుకి వెళ్లకపోతే పనుందని చెప్పొచ్చు. ఇది తీసేస్తే మీకు మీరే ఒప్పుకున్నట్టు. దానికి టైం పడుతుంది, పట్టనివ్వండి.

తీసేస్తే పిల్లలకి ఏమైనా అవుతుందేమోనని భయం. నవ్వకండి.

నవ్వను. నేను తీసిన మూడో రోజు మా అమ్మాయికి నూట రెండు జ్వరం వచ్చింది. రాత్రి రెండింటికి లేచి సొరుగు తెరిచి నిలబడ్డాను. వేసుకోలేదు, కానీ సొరుగు మూయడానికీ చాలాసేపు పట్టింది. పొద్దున డాక్టర్ "స్కూల్లో సగం మంది పిల్లలకి ఇదే" అన్నాక ఊపిరి పీల్చుకున్నాను.

గార్మెంట్స్ ఒంటి మీద ఉన్న పదకొండేళ్లలో పాపకి ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో తర్వాత ఒక కాగితం మీద రాసుకున్నాను. తర్కం అంత త్వరగా భయాన్ని పోగొట్టదు. అయినా ఆ కాగితం కొన్నాళ్లు పర్సులో పెట్టుకుని తిరిగాను, పనికొచ్చింది.

ఇన్ఫెక్షన్లు మళ్లీమళ్లీ వస్తున్నాయి. డాక్టర్ వేరే లోదుస్తులు వేసుకోమన్నారు. నిబంధన తప్పినట్టవుతుందా?

డాక్టర్ మాట వినండి. ఇందులో ఇంకో మాటే లేదు. సంఘంలో గట్టిగా నమ్మే ఆడవాళ్లకి కూడా ఇదే చెప్తాను.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. గాలి ఆడని గుడ్డ, తొడల మధ్య కుట్లు, నెలసరప్పుడు ప్యాడ్ సరిగ్గా నిలవకపోవడం, ఇవన్నీ ఆడవాళ్లు ఏళ్ల తరబడి లోలోపల చెప్పుకున్న బాధలు. 2021లో సంఘంలో ఉన్న ఆడవాళ్లే ఇన్‌స్టాగ్రామ్‌లో బాహాటంగా రాశారు, మెత్తటి గుడ్డ, ఒంటికి సరిపోయే కొలతలు కావాలని. అప్పుడే అమెరికా పత్రికల్లోకి కూడా ఎక్కింది. అంతకుముందు ఈ బాధ ఎవరికి చెప్పాలి? స్థానిక సంఘానికి పెద్ద అయిన బిషప్పు మగవాడు. రాత్రి బెడ్‌షీటు కప్పుకుని పళ్లు బిగపట్టుకుని పడుకున్న ఆడవాళ్లు నాకు తెలుసు.

ఒకేసారి మానేయాలా, కొంచెం కొంచెంగా మానాలా?

మీ స్వభావాన్ని బట్టి. నాకు తెలిసిన ఒకావిడ ఒక్క ఆదివారంలో అన్నీ తీసి సంచీలో కట్టేసింది, మళ్లీ చూడలేదు. నేను మాత్రం మొదట రాత్రిళ్లు మానేశాను. తర్వాత శనివారాలు. తర్వాత పైది మాత్రమే మానేసి కిందిది వేసుకున్నాను. ఆ కిందిదే ఎక్కువ రోజులు నిలిచింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు. కొంతమంది మగవాళ్లు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. ముందు కిందిది మానేసి, పైది బనీనులాగా ఏళ్ల తరబడి వేసుకుంటారు.

దేవాలయ సిఫారసు ఇంటర్వ్యూలో గార్మెంట్ గురించి అడుగుతారు. ఏం చెప్పాలి?

రెండేళ్లకోసారి సిఫారసు (దేవాలయంలోకి వెళ్లడానికి సంఘం ఇచ్చే అనుమతి పత్రం) కొత్తగా తీసుకునేటప్పుడు ఆ ప్రశ్న ఉంటుంది. రెండుసార్లు ఉంటుంది, ఎందుకంటే బిషప్రిక్‌లో (బిషప్పు, ఆయన సహాయకుల్లో) ఒకరు, స్టేక్ అధ్యక్షత్వంలో (వాళ్ల పై నాయకుల్లో) ఒకరు విడివిడిగా అడుగుతారు. వేసుకోవట్లేదంటే సిఫారసు రాకపోవచ్చు. సిఫారసు లేకపోతే చెల్లెలి పెళ్లి దేవాలయంలో జరుగుతుంటే మీరు బయట తోటలో కూర్చోవాలి. అందుకే చాలామంది ఆ ఒక్క పెళ్లి అయ్యేదాకా వేసుకుంటారు. అబద్ధం చెప్పమని అనను. ఇంటర్వ్యూకి వెళ్లకుండా గడువు దాటనివ్వడం అబద్ధం కాదు. నాది అలాగే దాటిపోయింది.

## తీసేసిన మొదటి రోజులు

బట్టలు వేసుకునే ఉన్నాను, అయినా ఏమీ వేసుకోనట్టుంది. ఎప్పుడు తగ్గుతుంది?

దాదాపు అందరూ చెప్పే మొదటి మాట ఇదే. పదేళ్లు ఇరవై నాలుగ్గంటలూ తొడల చుట్టూ గుడ్డ ఉన్న మనిషికి జీన్స్ నేరుగా చర్మానికి తగిలితే విచిత్రంగా ఉంటుంది. గాలి తగలకూడని చోట తగిలినట్టు. నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. మంగళసూత్రం మెరుగుకి ఇచ్చిన రోజు చెయ్యి ఊరికే మెడ మీదికి వెళ్తుందే, అచ్చం అలాగే. నాకు ఆరు వారాల్లో పోయింది. కొందరికి మూడు రోజుల్లో పోతుంది, కొందరికి ఏడాది.

చలికాలంలో మానేస్తే తేలిక. స్వెట్టరు, థర్మల్స్ ఏవో ఒకటి ఒంటి మీద ఉంటాయి.

అక్కా, ముప్పై నాలుగేళ్లొచ్చాయి, నా సైజు నాకు తెలియదు. షాపులో ఏం అడగాలి?

సిగ్గుపడకండి. పంతొమ్మిదేళ్లకే ఎండోమెంట్ తీసుకున్నవాళ్లు పెద్దయ్యాక ఒక్కసారి కూడా మామూలు లోదుస్తులు కొని ఉండరు. గార్మెంట్స్ బయట దొరకవు, సంఘం దుకాణాల్లోనే కొనాలి, వాటి సైజు లెక్క వేరు. పైగా బ్రా గార్మెంట్ పైన వేసుకునే అలవాటు చాలామందికి. పెద్దవాళ్లు అలాగే నేర్పారు, గార్మెంట్ ఒంటికి ఆనుకుని ఉండాలని. ఆ మందం పోయాక బ్రా సైజు కూడా మారుతుంది.

టేపు తీసుకుని నడుము, తుంటి, ఛాతీ కొలుచుకోండి. మామూలు కాటన్‌వి రెండు రకాలు, రకానికి రెండు మాత్రమే కొనండి. డజను ప్యాక్ కొనకండి, నేను కొన్నాను, పది అలాగే ఉండిపోయాయి. తొడల దాకా వచ్చే బాక్సర్ రకంతో మొదలుపెడితే కొత్తగా అనిపించదు. లేసులు, రంగులు తర్వాత చూసుకోవచ్చు. మొదటిసారి ఎర్ర రంగుది కొని కారులో కూర్చుని ఏడ్చానని ఒకావిడ రాశారు. సంతోషమా, దుఃఖమా అంటే "రెండూ కాదు, అలసట" అన్నారు.

స్లీవ్‌లెస్ వేసుకుంటే తప్పు చేస్తున్నట్టు ఉంది. ఇది నా పెంపకమా, సంఘమా?

తెలుగు అమ్మాయిలకి ఇది విడదీయడం కష్టం, రెండు చోట్లా అదే మాట విన్నాం కదా. అయితే నా అనుభవంలో ఒక తమాషా ఉంది. చీరలో నడుము కనపడటం మా ఇంట్లో ఎవరికీ తప్పు కాదు. గార్మెంట్స్ వచ్చాకే అది సమస్యైంది. పైది లోపలికి దోపితే చీర కుచ్చిళ్ల పైన, జాకెట్టు కింద తెల్లటి పట్టీ ఒకటి కనపడేది. జాకెట్లు పొడుగ్గా కుట్టించాను, టైలరు "ఏంటమ్మా, మీ అమ్మమ్మ కొలతలా?" అన్నాడు. చివరికి చీరలే తగ్గించి చుడీదార్లలోకి వచ్చాను. మే నెలలో సికింద్రాబాద్‌లో గార్మెంట్ పైది, దాని మీద బ్రా, కింద గార్మెంట్, పైన కాటన్ సెట్టు, దుపట్టా. బస్సు దిగేసరికి అన్నీ ఒంటికి అతుక్కుపోయేవి.

తీసేశాక నేను మొదట కట్టుకున్నది మా అమ్మ ఇచ్చిన గద్వాల చీర, మామూలు జాకెట్టుతో. స్లీవ్‌లెస్ ఇప్పటికీ వేసుకోను. అది మాత్రం మా నానమ్మ ప్రభావం, సంఘానిది కాదు.

మానేశానని ఎవరైనా కనిపెడతారా?

యూటాలో కనిపెడతారు. తెల్ల చొక్కా లోపల గార్మెంట్ మెడ గీత వంపుగా కనపడుతుంది, తొడ మీద ప్యాంటు కింద అంచు తెలుస్తుంది. ఇరవై ఏళ్లు అలవాటైన కళ్లు వాటిని వెతక్కుండానే వెతుకుతాయి. కౌగిలించుకున్నప్పుడు వీపు మీద చెయ్యి రెండు సెకన్లు ఎక్కువ ఆగితే ఎందుకో మీకు తెలుస్తుంది. హైదరాబాద్‌లో అయితే ఎవరూ పట్టించుకోరు, మీ వార్డులోవాళ్లు (స్థానిక సంఘంవాళ్లు) తప్ప. ఎవరైనా సూటిగా అడిగితే "నా లోపలి బట్టల గురించి మాట్లాడుకోవద్దండీ" అంటే చాలు. మర్యాదగానే ఉంటుంది, అవతలివాళ్లకి అప్పుడే తెలుస్తుంది తాము ఏం అడిగారో.

హాయిగా ఉంటుందనుకున్నా. ఏడుపొస్తోంది ఎందుకు?

మొదటిసారి వేసుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మీ అమ్మో, మిమ్మల్ని సంఘంలోకి తెచ్చిన అక్కో పక్కనే ఉండి ఉంటుంది. మీరు ఆ రోజు మనస్ఫూర్తిగా మాట ఇచ్చారు. ఆ బట్ట తీసినప్పుడు ఆ రోజు కూడా పక్కన పెట్టినట్టనిపిస్తుంది. కొందరికి ఏడుపు రాదు, కోపం వస్తుంది. కొందరికి ఏమీ రాదు, అదీ మామూలే, రాలేదని టెన్షన్ పడకండి. నిద్ర, తిండి పోయేంతగా ఉంటే కౌన్సెలర్‌ని కలవండి. మతం వదిలినవాళ్లతో మాట్లాడటం అలవాటున్నవాళ్లయితే మరీ మంచిది, మొదట్నుంచీ అన్నీ వివరించక్కర్లేదు.

## పాతవాటిని ఏం చేయాలి

చెత్తబుట్టలో వేయొచ్చా?

వేయొచ్చు, ఆపే చట్టమేమీ లేదు. అయితే చాలామందికి చెయ్యి రాదు. సంఘం తన సభ్యులకి చెప్పే పద్ధతి ఇది: నాలుగు గుర్తులూ కత్తిరించి నాశనం చేయాలి, మిగిలిన గుడ్డని అది గార్మెంట్ అని తెలియకుండా ముక్కలు చేసి పారేయాలి. నమ్మకం పోయినా నేను ఆ పద్ధతే పాటించాను. పారేసేది నావే అయినా, పక్కింట్లో ఉన్నావిడ చెత్తడబ్బాలో అవి చూస్తే బాధపడుతుంది కదా.

వంటింటి బల్ల మీద కూర్చుని, కూరలకి వాడే కత్తెరతో పదహారు జతలు. ఒక్కో గుర్తూ చిటికెన వేలి గోరంత. మొదటి జతకి చేతులు వణికాయి, ఐదో జతకి రేడియో పెట్టుకున్నాను, పదో జత దగ్గర కత్తెర మొద్దుబారిందని విసుక్కున్నాను. గుర్తులన్నీ కలిపితే ఒక టీ గ్లాసు నిండింది. పెరట్లో కాల్చాను. మిగతా గుడ్డ మంచి కాటన్, రెండేళ్లు కిటికీ అద్దాలు తుడిచాను.

కాల్చేస్తూ వీడియో తీసి పెట్టాలనుంది. తప్పా?

మీ కోపం మీ ఇష్టం. కాల్చండి, వీడియో వద్దు. మీ అత్తగారికి ఎవరో ఒకరు పంపిస్తారు, ఆ తర్వాత పదేళ్లు ప్రతి పండక్కీ ఆ వీడియో మీ ఇద్దరి మధ్య కూర్చుంటుంది.

అమ్మొచ్చా? ఎవరికైనా ఇవ్వొచ్చా?

వాడిన లోదుస్తులు ఎవరూ తీసుకోరు, థ్రిఫ్ట్ షాపులు కూడా. సీలు తీయని ప్యాకెట్లుంటే సంఘంలో ఉన్న చుట్టాలకి ఇస్తే సంతోషంగా తీసుకుంటారు, డబ్బు పెట్టి కొన్నవే కదా. కుతూహలంతో అడిగే బయటివాళ్లకి అమ్మకండి.

## ఇల్లు, చుట్టాలు

నేను మానేశాను, మా ఆయన ఇంకా వేసుకుంటారు. పడకగదిలో గోడ కట్టినట్టుంది.

నాకొచ్చే ప్రశ్నల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. వేసుకునేవాళ్లకి అవతలి మనిషి మానేయడం కేవలం గుడ్డ సంగతి కాదు. వాళ్లిద్దరూ కలిసి నిత్యత్వానికి చేసుకున్న పెళ్లి అక్కడే తెగినట్టు కనపడుతుంది. మీకేమో ఆయన ప్రతి రాత్రీ మీ మీద నేరారోపణ తొడుక్కుని పడుకున్నట్టుంటుంది. ఇద్దరూ చీకట్లో ఏమీ మాట్లాడకుండా ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుంటారు.

ముందే చెప్పండి. ఆయనే కనిపెట్టేలా చేయకండి. "ఫలానా రోజు నుంచి వేసుకోను, నువ్వు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, నీ బట్టలు ఎప్పట్లాగే మడతపెడతాను" అని ఒక జంట మధ్య జరిగిన మాట నాకు బాగా నచ్చింది. ఆ మడతపెట్టడం ఆయనకి చాలా పెద్ద విషయమైందట. ఆవిడ ఇప్పటికీ మడతపెడుతుంది, ఆయన ఇప్పటికీ వేసుకుంటాడు, పెళ్లై ఇరవై రెండేళ్లు. అన్ని జంటలూ ఇలా నిలబడవు. మా ఇంట్లో మేమిద్దరం నాలుగు నెలల తేడాతో మానేశాం కాబట్టి ఈ బాధ నేను పూర్తిగా పడలేదు, పడ్డవాళ్లు చెప్పింది రాస్తున్నాను.

అత్తగారు వచ్చినప్పుడు లాండ్రీలో లేవని గమనించారు. ఏం చెప్పాలి?

నిజం, పొట్టిగా. "నేను మానేశానండీ అత్తయ్యా, బాగానే ఉన్నాను." కారణాల జాబితా ఆ రోజు వద్దు. ఆవిడ మీ మీద కోపంగా ఉండకపోవచ్చు, మీరు పరలోకంలో తనతో ఉండరని భయపడుతూ ఉండొచ్చు. ఇంటర్నెట్‌లో చదివినవన్నీ వంటింట్లో నిలబడి ఆవిడకి చెప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

మా అమ్మానాన్నలు హిందువులు. "అప్పుడే చెప్పాం కదా" అంటారని చెప్పలేదు. చెప్పాలా?

అంటారు, తప్పదు. మా నాన్న అన్నారు. కానీ పదకొండేళ్లు ఆయన దగ్గర దాచింది ఇంకో ఐదేళ్లు దాచడం నా వల్ల కాలేదు. అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "ఎండాకాలం అన్నేళ్లు ఎలా భరించావే?" నా బాధని బాధగా మొదట గుర్తించింది ఆవిడే.

నేను చనిపోయాక ఇంట్లోవాళ్లు దేవాలయ బట్టలు వేసి ఖననం చేస్తారా?

చేయొచ్చు. ఎండోమెంట్ పొందిన సభ్యులను వీలైతే దేవాలయ వస్త్రాల్లోనే ఖననం చేయాలన్నది సంఘం పద్ధతి. మీ పేరు ఇంకా రికార్డుల్లో ఉంటే, మీ చుట్టాలు ప్రేమతోనే ఆ పని చేస్తారు. వద్దనుకుంటే కాగితం మీద రాయండి. ఎవరు నిర్ణయించాలో, ఏ బట్టలు వేయాలో స్పష్టంగా రాసి, సంతకం చేసి, ఒక కాపీ మీ మాట వినే మనిషి దగ్గర పెట్టండి. అమెరికాలో ఉంటే మీ రాష్ట్రం పద్ధతి ఏంటో వకీలుని ఒకసారి అడగండి.

## ఏళ్లు గడిచాక

పేరు తీయించుకోలేదు, గార్మెంట్స్ మాత్రం మానేశాను. రెండూ ఒకటేనా?

కాదు. మానేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరు తీయించుకోవాలంటే రాతపూర్వకంగా అడగాలి. చాలామంది అమ్మానాన్నలు ఉన్నంతకాలం పేరు అలాగే ఉంచేస్తారు.

అప్పుడప్పుడు మిస్ అవుతున్నాను. ఒంట్లో బాగాలేనప్పుడు వేసుకుని పడుకుంటే తప్పా?

ఎవరికి తప్పు? సంఘం లెక్కలో సభ్యత్వం పోయినవాళ్లు వేసుకోకూడదు. మీ లెక్కలో అది మెత్తటి పాత బట్ట. అమ్మ పాత చీర కప్పుకుని పడుకునేవాళ్లు మన ఇళ్లలో లేరా? ఒకాయన చలి రాత్రుల్లో పైది వేసుకుంటాడట, భార్యకి మాత్రమే తెలుసు.

చేతుల్లేని కొత్త డిజైన్ వచ్చిందని విన్నాక కోపం ఆగట్లేదు. బయటికి వచ్చేశాను కదా, నాకెందుకింత?

2024లో సంఘం చేతుల్లేని పైభాగం, ఆడవాళ్లకి లంగా రకం ప్రకటించింది. మొదట వేడి, ఉక్కపోత ఉన్న ప్రాంతాలకి, తర్వాత అమెరికాకి. నా ఫోన్ రెండు రోజులు మోగుతూనే ఉంది. వదిలి పదేళ్లైనవాళ్లు కూడా చేశారు. సంతోషించాల్సిన వార్తే, సంఘంలో ఉన్న అమ్మాయిలకి హాయి. కానీ పెళ్లిలో వేసుకోలేకపోయిన గౌను, ఎండాకాలం అంతా మెడ చుట్టూ పొక్కులు, "భుజం కనపడుతోంది, సర్దుకో" అని ఎవరో పెద్దావిడ అన్న మాట, అవన్నీ ఒక్కసారి లేచి నిలబడతాయి. నిన్నటిదాకా భుజం కప్పుకోకపోతే పవిత్రత పోతుందన్నారు, ఇవాళ భుజం పర్వాలేదన్నారు. మరి నా భుజం సంగతేంటి?

ఈ కోపం న్యాయమైనదే. సంఘంలో ఉన్న మీ అక్క కొత్తది కొనుక్కుని మురిసిపోతుంటే మాత్రం ఆవిడ మీద చూపించకండి. ఆవిడా అన్నేళ్లు అదే ఉక్కలో ఉంది.

మీ దగ్గర ఇంకా ఏమైనా మిగిలాయా అక్కా?

ఒక్క జత. హాంకాంగ్‌లో మొదటిసారి కొనుక్కున్నది. కత్తెర దాని దగ్గరికి వచ్చి ఆగింది. పట్టుచీరల పెట్టెలో, నాఫ్తలీన్ ఉండల మధ్య ఉంది. పోయిన సంక్రాంతికి చీరలు ఎండకి వేస్తుంటే మా అమ్మాయి పైకి తీసి, భుజాలకి ఆనించుకుని చూసుకుంది. "ఇదెవరి బనీనమ్మా, ఇంత పొడుగుంది?" అంది. నాదే అన్నాను. "నీకూ పొడుగే" అని మడతపెట్టి, చీరల కిందే పెట్టేసింది.